బాబును ఆటల కోచింగ్‌కు పంపలేకపోతున్నాం.. వెనకబడిపోతాడా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ఇద్దరం పనికి వెళ్తాం. వాడు నాలుగున్నరకు బడి నుంచి వచ్చి, ఎనిమిదింటికి నేనొచ్చేదాకా లోపల గడియ పెట్టుకుని ఫోన్ చూస్తుంటాడు. ఉన్నది ఒకటే గది. వాళ్ల నాన్న పదిన్నరకు వస్తారు, వాడు పడుకునేసరికి పదకొండు. ఉదయం ఆరున్నరకు లేపుతాను. క్లాసులో మిగతా పిల్లలు ఈతకూ, టెన్నిస్‌కూ వెళ్తున్నారు. మాకంత స్తోమత లేదు. వాడి ఆరోగ్యం దెబ్బతింటుందేమోనని బెంగ. - ఓ తల్లి

జవాబు: ఈత, టెన్నిస్ సంగతి అలా ఉంచండమ్మా. పదకొండుకు పడుకుని ఆరున్నరకు లేస్తున్నాడంటే ఏడున్నర గంటలే. ఈ వయసుకు 9 నుంచి 11 గంటల నిద్ర కావాలి. ముందు తీర్చాల్సిన బాకీ ఇదే.

డబ్బున్న ఇళ్ల పిల్లలే ఎక్కువ కదులుతారన్నది సగం నిజం. కోచింగ్‌లకు వెళ్లేది వాళ్లే. కానీ కారులో వెళ్లి, వంతు కోసం నిలబడి, కారులోనే వచ్చేస్తారు. నడిచి బడికెళ్లే పిల్లాడు ఏమీ తీసిపోడు. తేడా ఎక్కువగా కనిపించేది స్క్రీన్, నిద్రల దగ్గర. ఆదాయం తక్కువున్న ఇళ్లలో ఫోన్, టీవీ చూడటం ఎక్కువ, నిద్ర తక్కువ. అది తల్లిదండ్రుల నిర్లక్ష్యం కాదు. షిఫ్టులు, ఇరుకు గది, చప్పుడు, పిల్లాణ్ని ఒంటరిగా బయటికి పంపాలంటే భయం. మీ ఇంట్లో ఫోన్ ఆయా పని చేస్తోంది. ఆయాను మానిపించాలంటే బదులు ఎవరో ఒకరు ఉండాలిగా!

మీలాగే సాయంత్రం పిల్లల్ని గదిలో ఉంచే తల్లులు చుట్టుపక్కల ఉండే ఉంటారు. రోజుకొకరు వంతు వేసుకుని, ఒక గంట పిల్లలందర్నీ కళ్లెదుట ఆడించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా అంతే: 5-17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక. ఒకేసారి అవ్వక్కర్లేదు. బడికి చురుగ్గా నడిచే నడకా లెక్కలోకే వస్తుంది. మాట్లాడగలుగుతూ, పాట పాడలేనంత ఆయాసం వస్తే ఆ కదలిక చాలు. తాడాట (స్కిప్పింగ్) అయితే రెండు నిమిషాల్లోనే ఆ స్థితికి వస్తాడు! చదువు కాకుండా చూసే స్క్రీన్ రెండు గంటల లోపు ఉండాలని 2016లో కెనడా నిపుణులు పెట్టిన హద్దు. ఆ గంట ఆటతో మీవాడు దానికి దగ్గరపడతాడు.

ఇక నిద్ర. లేచే టైం మార్చకండి, సెలవు రోజు కూడా. పడుకునే టైం మూడు నాలుగు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి, తొమ్మిదింటికి వచ్చేదాకా. ఫోన్ వాడి చేతికందని చోట ఛార్జింగ్ పెట్టండి. నాన్న వచ్చాక పెద్ద లైటు వద్దు, చిన్న దీపం చాలు. వాడి పరుపు గోడ వైపు వేసి, అడ్డంగా ఓ దుప్పటి కట్టండి. నాన్నను చూడకుండా పడుకోనని మారాం చేస్తాడు, నాకు తెలుసు. ఆ ముచ్చట్లు ఉదయానికి మార్చండి, బడికి దిగబెట్టే పని ఆయనకివ్వండి.

నెల రోజులు ఇలా చేశాక కూడా క్లాసులో తూగుతున్నా, రోజూ గురక పెడుతున్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తున్నట్టు అనిపిస్తే మాత్రం నెల ఆగొద్దు. ఒకసారి టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) చూడాలి.