ఛార్జర్ రోజంతా పెట్టి ఉంచితే ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడవుతుందా?

ఇంటి నుంచే పని, ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది, తీస్తే గంట కూడా రావడం లేదు, రోజూ సున్నా దాకా వాడి మళ్లీ నింపాలా అని అడిగారు. అలా చేయకండి. అది పాత నికెల్ బ్యాటరీల నాటి సలహా. ఇప్పటి లిథియం అయాన్ బ్యాటరీని మాటిమాటికీ పూర్తిగా ఖాళీ చేస్తే నష్టమే.

నేనూ మీలాగే వాడాను. 2020 లాక్‌డౌన్‌లో రాజమండ్రిలో మా ఇంటి నుంచే పని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి వంద శాతం ఉంటేనే ధైర్యంగా ఉండేది. పైగా పరుపు మీద పెట్టుకునేవాణ్ణి. మే నెల ఎండకు ఫ్యాన్ గాలే వేడి, ఇక ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టలేనంతగా కాలేది. ఏడాదిన్నరకి టచ్‌ప్యాడ్ ఎడమవైపు క్లిక్ పడటం మానేసింది. దుమ్ము చేరిందనుకుని నెల రోజులు నెట్టుకొచ్చాను. ఒకరోజు మూత సరిగ్గా మూసుకోలేదు. షాపులో అడుగు రేకు విప్పగానే కనిపించింది, బ్యాటరీ పూరీలా పొంగి టచ్‌ప్యాడ్‌ని కింద నుంచి తోస్తోంది. నెల రోజులు దాన్ని ఒళ్లో పెట్టుకుని పనిచేశానని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అందుకే ముందు మీ ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి చూడండి. ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా వెంటనే ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. పొంగిన బ్యాటరీని నొక్కడం, పొడవడం వద్దు. ఇంకా వాడదాంలే అనుకోకుండా షాపుకు తీసుకెళ్లండి.

పొంగు లేకపోతే లెక్క చూసుకోవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కలిపి ఇంగ్లిష్‌లో కొట్టండి. ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో పట్టాల్సింది, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్నది. నా పాతదానికి వరుసగా 41,000, 23,000 మిల్లీవాట్ అవర్లు చూపించింది, అంటే 56 శాతమే మిగిలింది. ఒక్కసారి వచ్చిన అంకె చూసి టెన్షన్ పడకండి, కాస్త అటూ ఇటూ అవుతుంటుంది. రెండు మూడు నెలలకోసారి రాసి పెట్టుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

ఛార్జర్ పెట్టి ఉంచడం కంటే బ్యాటరీ నిండుగా ఉండి వేడెక్కడమే ప్రమాదం. వంద శాతం దగ్గర ఒక్కో సెల్ సుమారు 4.2 వోల్టుల మీద ఉంటుంది. ఆ ఒత్తిడికి వేడి తోడైతే లోపలి రసాయనాలు త్వరగా దెబ్బతింటాయి. అందుకే పూర్తిగా నిండకముందే ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ కంపెనీల యాప్‌లలో ఉంటుంది. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్, మైఆసుస్‌లో 80 శాతం పరిమితి అవే. వేరే కంపెనీదైతే వాళ్ల యాప్‌లోనో, ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లోనో వెతకండి. అది ఆన్ చేసుకుంటే ఛార్జర్ రోజంతా ఉన్నా ఇబ్బంది లేదు. గాలి ఆడేలా గట్టి బల్ల మీద పెట్టుకోండి.

కరెంటు పోతే ఎలా అంటారేమో. కొత్త బ్యాటరీని నేను 80 దగ్గరే ఆపుతున్నాను, రెండు గంటలు తేలిగ్గా వస్తోంది. అంతకంటే ముందు ఆగేది వైఫై రూటర్, దానికి చిన్న యూపీఎస్ పెట్టించాను. ప్రయాణం ఉంటే ముందు రాత్రి పరిమితి తీసి నింపుకుంటాను.

మీ రిపోర్ట్‌లో ఆ రెండు అంకెలు ఎంతో రాయండి, బ్యాటరీ ఇప్పుడే మార్చాలో ఇంకొన్నాళ్లు లాగొచ్చో చూసి చెప్తాను.