జర్మనీలో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి): ఏ నెలలు లెక్కకొస్తాయి, ఏవి రావు

ప్రశ్న: మ్యూనిక్‌లో బ్లూ కార్డ్ (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద పనిచేస్తున్నాను. చేరి 22 నెలలైంది. జర్మన్ భాషలో ఏ1 (తొలి మెట్టు) పాసయ్యాను. 21 నెలలకే పీఆర్ ఇస్తారని మిత్రులు చెబుతున్నారు. ఇప్పుడే అప్లై చేయవచ్చా?

జవాబు: ఏ1తో కుదరదు. 21 నెలల గడువు భాషలో బీ1 (మధ్య స్థాయి) పాసైనవాళ్లకు. ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు నిండాలి. ఉద్యోగం చేసుకుంటూ ఏ1 నుంచి బీ1కి అయిదు నెలల్లో చేరడం తేలిక కాదు. పరీక్షకు సీటు దొరకాలి, ఫలితం రావడానికీ కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి 27 నెలల దారినే నమ్ముకోండి. అలాగని బీ1 చదవడం మానకండి, రేపు పౌరసత్వానికి అది ఎలాగూ కావాలి. సర్టిఫికెట్ గోథె, టెల్క్, ఓఎస్‌డీ లాంటి గుర్తింపు ఉన్న సంస్థలది అయి ఉండాలి. మొబైల్ యాప్‌లు ఇచ్చే సర్టిఫికెట్లు విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసులో చెల్లవు.

ఇక నెలల లెక్క. బ్లూ కార్డ్‌కు తగిన ఉద్యోగం చేస్తూ పెన్షన్ చందా కట్టిన నెలలనే లెక్కిస్తారు. కార్డు మీద అచ్చయిన తేదీ నుంచి లెక్క మొదలవుతుందని చాలామంది పొరబడతారు. బ్లూ కార్డ్ ఉద్యోగం కోసం ఇచ్చిన డీ వీసా (దీర్ఘకాల వీసా) మీద వచ్చి, కార్డు చేతికి రాకముందే పనిలో చేరి ఉంటే ఆ నెలలు కూడా మీ ఖాతాలోవే. రెండు ఉద్యోగాల మధ్య ఖాళీగా ఉన్న నెలలు మాత్రం పోయినట్టే.

ఎదురుచూసే ఈ అయిదు నెలల్లో ‘లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్’ పరీక్ష రాసేయండి, జర్మనీ చట్టాలు, సమాజం గురించిన ఈ పరీక్ష పీఆర్‌కు కావాలి. ఊళ్లోని ఫోక్స్‌హోఖ్‌షూలె (వయోజన విద్యాకేంద్రం)లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఫీజు 25 యూరోలు. 60 నిమిషాల్లో 33 ప్రశ్నలు, అందులో మూడు మీ రాష్ట్రానికి సంబంధించినవి. ప్రశ్నలన్నీ ముందే ప్రకటించిన జాబితాలోంచే వస్తాయి: అందరికీ ఉమ్మడిగా 300, రాష్ట్రానికి 10. పీఆర్‌కు 15 సరైన జవాబులు చాలు. పౌరసత్వానికి 17 కావాలి. అందుకే 17 దాటేలా చదివి వెళ్లండి, మళ్లీ రాసే పని తప్పుతుంది.

ప్రశ్న: ఆఖెన్‌లో మాస్టర్స్ చేశాను. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే వీసా మీద పది నెలలు ఉన్నాను. ఇప్పుడు 18బీ పర్మిట్ (డిగ్రీ ఉన్నవాళ్లకిచ్చే స్కిల్డ్ వర్కర్ పర్మిట్) మీద 14 నెలలుగా పనిచేస్తున్నాను. వెర్క్‌స్టూడెంట్‌గా (చదువుతూ పార్ట్‌టైమ్ పనిచేసే విద్యార్థిగా) ఉన్నప్పుడు కూడా పెన్షన్ కట్టాను. అన్నీ కలిపితే రెండేళ్లు దాటాయి కదా?

జవాబు: ఇక్కడ గడియారాలు రెండు, అవి విడివిడిగా నడుస్తాయి. జర్మనీలో డిగ్రీ పొందినవాళ్లకు రెండు షరతులున్నాయి: స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద రెండేళ్లు గడవాలి, పెన్షన్ చందా 24 నెలలు కట్టి ఉండాలి. బయట చదివి వచ్చినవాళ్లకు ఇవే మూడేళ్లు, 36 నెలలు. వెర్క్‌స్టూడెంట్‌గా కట్టిన చందా రెండో గడియారంలో పడుతుంది. మొదటిదానిలో స్టూడెంట్ పర్మిట్ కాలమూ పడదు, ఉద్యోగం వెతుక్కున్న పది నెలలూ పడవు. అంటే మీకు ఇంకా పది నెలలు మిగిలే ఉన్నాయి. ఈ దారిలో ఏ1 సరిపోదు, బీ1 తప్పనిసరి.

మినీజాబ్ (తక్కువ జీతపు చిన్న ఉద్యోగం) చేసి ఉంటే ఒకటి చూసుకోండి. చేరేటప్పుడు పెన్షన్ వద్దని సంతకం పెట్టి ఉంటే ఆ నెలలు మీ లెక్కలో ఉండవు. నెలకు కొన్ని యూరోలు మిగులుతాయని చాలామంది విద్యార్థులు ఆలోచించకుండా ఆ సంతకం పెట్టేస్తారు.

ప్రశ్న: 36 నెలలు నిండాయి, బీ1 ఉంది, టెర్మిన్ (ఆఫీసులో అపాయింట్‌మెంట్) దొరికింది. ఏ కాగితాల దగ్గర పని ఆగిపోతుంది?

జవాబు: ఎక్కువగా పెన్షన్ రికార్డు దగ్గరే. పే స్లిప్పులు ఎన్ని చూపినా, ఆఫీసు అడిగేది డాయిచె రెంటెన్‌ఫెర్‌జిషెరుంగ్ (ప్రభుత్వ పెన్షన్ సంస్థ) ఇచ్చే ‘ఫెర్‌జిషెరుంగ్స్‌ఫెర్‌లౌఫ్’ అనే చందా రికార్డు. మీ పెన్షన్ నంబరుతో అడిగితే ఉచితంగా ఇంటికి పోస్టులో పంపుతారు. అందులో చిక్కు ఏమిటంటే, కంపెనీ ఏడాది లెక్కను మరుసటి ఏడాది ఫిబ్రవరి 15 లోపు పంపుతుంది. కాబట్టి ఈ ఏడాది నెలలు ఆ పత్రంలో సాధారణంగా కనిపించవు. మీ 36వ నెల ఈ ఏడాదిలోనే పడితే రికార్డులో తక్కువ కనిపించి ఫైలు ఆగుతుంది. జనవరి నుంచి వచ్చిన పే స్లిప్పులన్నీ జత చేసి, ఏ నెల ఎందులో ఉందో ఒక కాగితం మీద రాసి పైన పెట్టండి.

రెండోది ప్రొబేషన్. ఉద్యోగం మారితే పాత నెలలు పోవు. కానీ కొత్త చోట ఆరు నెలల ప్రొబేషన్ నడుస్తుండగా వెళితే, జీవనాధారం స్థిరంగా లేదని ఫైలు పక్కన పెట్టే ఆఫీసులు చాలా ఉన్నాయి. అప్లై చేసే సమయం దగ్గరపడితే ఉద్యోగం మారడాన్ని కాస్త వాయిదా వేయడమే మేలని మా సలహా. నోటీసు పీరియడ్‌లో లేరని కంపెనీ ఇచ్చే లేఖ టెర్మిన్‌కు ముందు తాజాగా తీసుకోండి.

ఇంటి వైశాల్యం సంగతి చాలామందికి తట్టదు. ఆరేళ్లు దాటిన ప్రతి మనిషికి 12 చదరపు మీటర్లు, అంతకంటే చిన్న పిల్లలకు 10 లెక్కన చూస్తారు. రెండేళ్లలోపు పాపను లెక్కించరు. అద్దె ఒప్పందంలో వైశాల్యం రాసి లేకపోతే ఇంటి యజమాని చేత రాయించుకోండి. పీఆర్ ఫీజు 113 యూరోలు. మీ పర్మిట్ గడువు దగ్గరలో ఉంటే అది ముగిసేలోపే దరఖాస్తు ఆఫీసుకు చేరాలి. చేరినట్టు రుజువు మీ దగ్గర ఉంచుకుని ‘ఫిక్షన్స్‌బెషైనిగుంగ్’ (నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ చెల్లుతుందనే పత్రం) అడిగి తీసుకోండి.

ప్రశ్న: నిరుడే పీఆర్ వచ్చింది. నాన్నగారికి చికిత్స జరుగుతోంది. ఎనిమిది నెలలు ఇండియాలో ఉండాలనుకుంటున్నాను. పీఆర్ కాబట్టి ఇబ్బంది లేదు కదా?

జవాబు: ఇబ్బంది ఉంది. శాశ్వతం అనే మాటను నమ్మి పోగొట్టుకున్నవాళ్లున్నారు. నీడర్‌లాసుంగ్స్‌ఎర్‌లౌప్నిస్ (జర్మన్‌లో పీఆర్ పేరు) ఉన్నవాళ్లు ఆరు నెలల్లోపు తిరిగి రాకపోతే అది దానంతటదే రద్దవుతుంది. ఎవరూ ముందుగా హెచ్చరించరు. బ్లూ కార్డ్ మీద ఉన్నప్పుడు 12 నెలల గడువు ఉండేది, పీఆర్‌తో అది తగ్గిపోయిందని చాలామంది గమనించరు. ఇల్లు ఖాళీ చేసి, అబ్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు రద్దు) ఇచ్చి వెళితే తాత్కాలికంగా వెళ్లినట్టు కాదని ఆరు నెలలు గడవకముందే రద్దు కావచ్చు.

బయలుదేరకముందే ఆస్‌లెండర్‌బెహోర్డె (విదేశీయుల ఆఫీసు)కు రాసి, గడువు పొడిగిస్తూ రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆసుపత్రి కాగితాల జర్మన్ అనువాదం, కంపెనీ సెలవు లేఖ, తిరిగి వచ్చే తేదీ జత చేయండి. ఇల్లు వదులుకోకండి.

అయిదేళ్లు నిండి, 60 నెలల పెన్షన్ ఉంటే ‘డావర్‌ఔఫెంట్‌హాల్ట్-ఈయూ’ (ఈయూ స్థాయి శాశ్వత నివాస అనుమతి)కు కూడా అప్లై చేయండి, ఫీజు 109 యూరోలు. ఉన్న పీఆర్‌తో పాటే దాన్నీ ఉంచుకోవచ్చు. ఈయూ బయట వరుసగా 12 నెలలు ఉండే వరకు అది నిలుస్తుంది, అంతకుముందు బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకు 24 నెలలు. తల్లిదండ్రుల కోసం తరచూ వెళ్లాల్సినవాళ్లకు ఇదే సరైన కార్డు.

ప్రశ్న: నాకు స్కిల్డ్ వర్కర్‌గా 18సీ సెక్షన్ కింద పీఆర్ వచ్చింది. నా భార్య ఫ్యామిలీ వీసా మీద వచ్చి మూడేళ్లయింది, వారానికి 20 గంటలు పనిచేస్తోంది. మాకు బిడ్డ పుట్టబోతోంది. ఆమెకు అయిదేళ్లు ఆగాలా?

జవాబు: ఆగనక్కర్లేదు. భర్తకు లేదా భార్యకు 18సీ కింద పీఆర్ ఉండి, ఇద్దరూ కలిసి ఉంటే, మూడేళ్ల పర్మిట్, వారానికి కనీసం 20 గంటల పని, బీ1, పైన చెప్పిన ‘లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్’ పరీక్షతో ఆమె అప్లై చేయవచ్చు. 2024 మార్చి నుంచి ఈ వెసులుబాటు ఉంది. ప్రసూతి సెలవులో పని గంటల గురించి ప్రశ్నలు రాకుండా ఇప్పుడే దరఖాస్తు పెట్టడం మంచిది. ఉద్యోగం లేని భార్యాభర్తలకు అయిదేళ్ల దారి ఉంది. అందులో పెన్షన్ షరతు ఒకరు తీరిస్తే చాలు.

బిడ్డ విషయం: పుట్టే రోజుకు తల్లిదండ్రుల్లో ఒకరికి పీఆర్ ఉండి, చట్టబద్ధంగా అయిదేళ్లుగా జర్మనీలో ఉంటే బిడ్డ పుట్టుకతోనే జర్మన్ పౌరుడు లేదా పౌరురాలు. ఈ గడువు 2024 జూన్ వరకు ఎనిమిదేళ్లుగా ఉండేది. మీకు అయిదేళ్లు నిండాయో లేదో తొలి అన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) కాగితంతో సరిచూసుకోండి. నిండి ఉంటే బిడ్డకు ఇండియన్ పాస్‌పోర్ట్ కాకుండా జర్మన్ పాస్‌పోర్ట్, దాని మీద ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు తీసుకోవాలి. భారత చట్టం రెండు పౌరసత్వాలకు ఒప్పుకోదు.