మామిడి బెరడు మీద మచ్చలు తెగులు కాదండీ

ఎండకు బూడిదరంగులో పెళుసుగా ఉన్న మచ్చలు వాన పడగానే పచ్చబడుతున్నాయి, తెగులేమో అని అడిగారు. టెన్షన్ పడకండి, అవి లైకెన్లు: శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు. చెట్టు రసం పీల్చవు.

వీటికి వేళ్లూ లేవు, నీటిని ఆపే మైనపు పూతా లేదు. గాలి పొడిగా ఉంటే ఎండిపోయి పని ఆపేస్తాయి, కానీ చావవు. ఒక మచ్చ మీద నీళ్లు చిలకరించి చూడండి: పైపొర పారదర్శకంగా మారి లోపలి పచ్చటి శైవలం నిమిషాల్లో బయటపడుతుంది. ఇలా పచ్చటి శైవలం ఉన్నవాటిలో చాలావాటికి మళ్లీ పని మొదలుపెట్టడానికి గాలిలో తేమ బాగా ఉన్నా చాలు. నీలి ఆకుపచ్చ శైవలం ఉన్న రకాలకైతే నీటి చుక్కే తగలాలి. మరీ నానినా ఇబ్బందే, కార్బన్ డయాక్సైడ్ లోపలికి సరిగా అందదు.

మందు కొట్టకండి, గోకకండి. కొమ్మలు ఎండుతుంటే మాత్రం కారణం వేరే, ఆ ఫొటో పెట్టండి.