దుబాయ్‌లో గడియారం మార్చుకో అమ్మలూ

అమ్మలూ,

నీకు డల్లాస్‌లో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావట్లేదు. ఇక్కడ బరంపురంలో అప్పడాల కొట్టు వాడికి కూడా చెప్పేశాను. తర్వాత నీ టికెట్ చూశాను, టెన్షన్ మొదలైంది.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:30కి ఎక్కి, అదే తారీఖు సాయంత్రం 6కి అక్కడ దిగుతాను, పదమూడున్నర గంటలేగా మామయ్యా అన్నావు. ఇంజనీరింగ్ చదివిన పిల్లవి! ఆగస్టులో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అది కలుపు. మొత్తం 24 గంటలు. దుబాయ్ దాకా సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడ నాలుగు గంటలు పడిగాపులు. ఆపైన దాదాపు 12,900 కిలోమీటర్లు ఏకబిగిన పదహారు గంటలు, కాళ్ళు వాచిపోతాయి, మధ్యమధ్య లేచి నడువు. వచ్చేటప్పుడు పైగాలి పడమటి నుంచి తోస్తుంది కాబట్టి ఓ గంట కలిసొస్తుంది.

పాస్‌పోర్ట్, కాలేజీ కాగితాలు చేతిసంచిలోనే. హైదరాబాద్‌కి రెండు రోజుల ముందే చేరు, రైలుని నమ్మకు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ పెళ్ళికి నేను లేనని నీకు తెలుసు, ఎందుకు లేనో ఎవరూ చెప్పి ఉండరు. కువైట్ నుంచి వస్తున్నాను, దుబాయ్‌లో విమానం మారాలి. మా నాన్న ఇచ్చిన హెచ్.ఎం.టి. గడియారం చేతికి ఉంది, కువైట్ టైమే చూపిస్తోంది. దుబాయ్ ఒక గంట ముందుంటుందని నాకు తోచనే లేదు. బోలెడు టైముందని ఎయిర్‌పోర్టు కొట్లో చెల్లికి చెవిదుద్దులు ఎంచుతూ కూర్చున్నాను, ఎర్రరాయివా తెల్లరాయివా అని. తెల్లవి తీసుకుని, తాపీగా గేటు దగ్గరికి వెళ్తే అక్కడ ఒక్క మనిషి లేడు. తల పైకెత్తితే గోడ గడియారం పది. నా చేతిది తొమ్మిది. మర్నాడు గానీ సీటు దొరకలేదు. బొంబాయిలో దిగి, ఒకటిన్నర రోజు రైల్లో కూర్చుని బరంపురం చేరేసరికి మా వీధిలో పందిరి వాసాలు విప్పుతున్నారు. నాన్న నన్ను చూసి ఒక్కమాట అనలేదు, తిట్టినా బాగుండేది. ఆ పూటే బస్సెక్కి పర్లాకిమిడి వెళ్ళాను. పసుపుబట్టల్లో మీ అమ్మ గుమ్మంలోకొచ్చి, "అన్నయ్యా, ఏమైనా తిన్నావా?" అంది, అంతే. నువ్వు పండగలకి పెట్టుకుంటావే, ఆ తెల్లరాళ్ళ దుద్దులు అవే.

ఫోనే టైము మార్చుకుంటుంది అంటావు. నెట్ తగలకపోతే మారకపోవచ్చు, అక్కడి బోర్డు చూసి సరిచూసుకో. వెళ్ళేటప్పుడు మర్చిపోయినా ఫర్లేదు, మన టైము దుబాయ్ కంటే గంటన్నర ముందు కాబట్టి ఊరికే కంగారుపడి ముందే పరిగెడతావు. తిరిగొచ్చేటప్పుడే మునిగేది. ఎండాకాలంలో డల్లాస్ దుబాయ్ కంటే తొమ్మిది గంటలు వెనక. నాకు ఒక్క గంటకే చెల్లి పెళ్ళి పోయింది.

కోప్పడ్డానని అనుకోకు తల్లీ. బూఢీ ఠాకురాణి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టే వచ్చాను. దిగగానే ఫోన్ చెయ్యి. ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర అవుతుంది, మీ అమ్మ ఎలాగూ నిద్రపోదు. నేనూ మేలుకునే ఉంటాను.

మామయ్య