ఊరు ఒకటే, చుక్కలు మూడు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుణుపురం. పీజీ ప్రాజెక్టు కోసం మా చుట్టుపక్కల సంతల్లో జీడిపిక్కలు, చింతపండు, కొండచీపుర్లు ఎవరు కొంటున్నారు, ఎక్కడికి పంపుతున్నారు అని నాలుగు నెలలు తిరిగి రాసుకున్నాను. ఆర్ ప్రోగ్రామింగ్‌లో ఐగ్రాఫ్ ప్యాకేజీతో నెట్‌వర్క్ బొమ్మ గీస్తే చిక్కుపడిన దారపుండలా వచ్చింది. చుక్క మీద నొక్కితే దాని సంబంధాలు మాత్రమే కనిపించేలా చెయ్యమన్నారు మా గైడ్. ఇంకో అనుమానం: సరుకు చాలావరకు పర్లాకిమిడి మీదుగా పోవడం నా కళ్లతో చూశాను. బొమ్మలో మాత్రం ఆ ఊరు చిన్న చుక్కగా ఒక మూలకి పోయింది. ఎందుకు? సబ్మిషన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ రెండో అనుమానమే చూద్దాం తల్లీ. అది తీరితే మొదటిది సగం తీరినట్టే.

నువ్వు పంపిన షీటు తెరిచి, సరుకు చేరే ఊరి కాలమ్‌ని అక్షరక్రమంలో సార్ట్ చేశాను. కొన్ని వరుసల్లో పర్లాకిమిడి, కొన్నింట్లో పారలాఖెముండి, ఇంకొన్నింట్లో ఉత్త పర్లా. ఏ షావుకారు ఎలా చెబితే అలా రాసుకున్నావు, అందులో తప్పు లేదు. కానీ ఆర్‌కి అవి మూడు ఊళ్లు. మూడు చుక్కలు పెట్టి, సరుకుని మూడు వాటాలు చేసేసింది. ఒకచోట పేరు చివర ఖాళీ కూడా పడింది. దానికి నాలుగో చుక్క! ఆ ఖాళీలను ట్రిమ్‌డబ్ల్యూఎస్ అనే ఫంక్షన్ తీసేస్తుంది. పేర్ల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. సరిహద్దులో ఉన్నవాళ్లం, మన ఊళ్లకి పేర్లు రెండేసి. ఇంట్లో బరంపురం అంటాం, బోర్డు మీద బ్రహ్మపుర అని చదువుతాం.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. క్లాసులో చూపిద్దామని ఒకసారి నౌపడా–గుణుపురం రైలు లైను గీశాను. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఒకదాని తర్వాత ఒకటి రావాలి. తెర మీద లైను రెండు ముక్కలుగా వచ్చింది. పాతపట్నం నుంచి వచ్చిన గీత పర్లాకిమిడి దగ్గర ఆగిపోయింది. కాశీనగర్ వెళ్లే గీత పారలాఖెముండిలో బయల్దేరింది. నడుమ ఖాళీ. అరగంట సేపు కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు నేను ఊరి పేరు రాసిన రెండు గళ్లలో ఉంది.

అందుకని ఊరికో కోడ్ పెట్టు. పర్లాకిమిడికి పీకే, గుణుపురానికి జీపీ, అలా. ఎవరు ఏ పేరు చెప్పినా షీటులో ఆ కోడే పడాలి. బొమ్మ మీద కనిపించే పేరు వేరే కాలమ్‌లో ఉంటుంది. అందులో తెలుగు రాసుకో, కావాలంటే ఒడియా పేరుకి ఇంకో కాలమ్ పెట్టుకో. సవర రైతులు చెప్పిన పేర్లు కూడా నీ నోటుపుస్తకంలో ఉంటే దయచేసి పారెయ్యకు, వాటికీ ఒక కాలమ్ ఇవ్వు. గిడుగు రామమూర్తి గారు సవర నిఘంటువు కోసం మాటలు ఏరుకున్న ప్రాంతం మనది.

ఇక బొమ్మ. విజ్‌నెట్‌వర్క్ ప్యాకేజీ తీసుకో. జావాస్క్రిప్ట్‌లో ఉన్న విజ్ లైబ్రరీని ఇది ఆర్ నుంచే నడిపిస్తుంది, నువ్వు జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా రాయక్కర్లేదు. దానికి రెండు పట్టికలు కావాలి. చుక్కల పట్టికలో ఐడీ కాలమ్‌లో కోడ్, లేబుల్‌లో పేరు, గ్రూప్‌లో అది సంతా, అడితా, ఫ్యాక్టరీయా అన్నది. గీతల పట్టికలో ఫ్రమ్, టూ కాలమ్స్‌లో మళ్లీ ఆ కోడ్‌లే. కాలమ్ పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి.

చుక్కల పట్టికలో ఒకే ఐడీ రెండుసార్లు పడితే బొమ్మ రాదు, తెల్లతెర మిగులుతుంది. గీతలో ఉన్న కోడ్ చుక్కల్లో లేకపోతే ఇంకా ప్రమాదం. ఆ గీత చెప్పాపెట్టకుండా మాయమవుతుంది, పలాస జీడి ఫ్యాక్టరీలకి వెళ్లిన సరుకు వెళ్లనట్టే కనిపిస్తుంది. గీసే ముందు సెట్‌డిఫ్ ఫంక్షన్‌తో రెండు పట్టికల కోడ్‌లనూ పోల్చుకో.

దారపుండకి ఇంకో కారణం కూడా నీ షీటులోనే ఉంది. ఒకే సంత నుంచి ఒకే అడితికి వారానికో వరుస రాశావు. ఎన్ని వారాలో అన్ని గీతలు. ముందు అగ్రిగేట్ ఫంక్షన్‌తో బస్తాలు కూడి, ఆ మొత్తం వాల్యూ కాలమ్‌లో పెడితే ఒక్క గీతే వస్తుంది, సరుకుని బట్టి లావవుతుంది.

మీ గైడ్ అడిగింది విజ్‌ఆప్షన్స్ అనే ఫంక్షన్‌లో ఉంది. హైలైట్‌నియరెస్ట్‌కి ట్రూ ఇస్తే, కాశీనగర్ మీద నొక్కగానే దానితో సంబంధం ఉన్నవి నిలిచి మిగతావి మసకబారతాయి. చుక్కలు కదులుతూ ఉంటే విజ్‌ఐగ్రాఫ్‌లేఅవుట్ కలుపు, కుదురుకుంటాయి. దానిలోనే ర్యాండమ్‌సీడ్‌కి ఒక అంకె ఇస్తే ప్రతిసారీ అదే అమరిక వస్తుంది, వైవా రోజున ఊళ్లు చోటు మారవు. నెట్‌వర్క్‌డీ3 అనే ప్యాకేజీ వాడమని ఎవరైనా అంటే ఒకటి గుర్తుంచుకో: అది చుక్కల్ని 0 నుంచి లెక్కపెడుతుంది, ఆర్ 1 నుంచి. చూసుకోకపోతే ఒకరి సరుకు పక్కవాడి ఖాతాలో పడుతుంది.

ల్యాబ్ కంప్యూటర్లో తెలుగు పేర్ల బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తే కంగారుపడకు. విండోస్ మీద ఆర్ పాత వెర్షన్లతో ఆ ఇబ్బంది ఉండేది. 2022లో వచ్చిన 4.2.0 గానీ, ఆ తర్వాతది గానీ వేయించు.

ప్రశ్న: రాయగడ దగ్గర మహిళా సంఘాల మధ్య అప్పుల లెక్కతో ఇలాంటి బొమ్మే చేశాను సార్. సంఘాల వాళ్లకి ఫోన్‌లో పంపాలి, వాళ్ల దగ్గర నెట్ సరిగ్గా ఉండదు. ఎలా? (ఒక పాఠకుడు)

జవాబు: విజ్‌సేవ్ ఫంక్షన్ వాడి, సెల్ఫ్‌కంటెయిన్డ్‌కి ట్రూ ఇవ్వు బాబూ. అంతా ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్‌గా వస్తుంది, నెట్ లేకపోయినా ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. దీనికి ప్యాన్‌డాక్ అనే ప్రోగ్రామ్ కావాలి, ఆర్ రాసుకునే ఆర్‌స్టూడియో ఉంటే దానితోపాటే వచ్చేసి ఉంటుంది.

కానీ ఒక్క మాట. చుక్కల పట్టికలో ఉన్న కాలమ్స్ అన్నీ ఆ ఫైల్ లోపల చేరతాయి, బొమ్మ మీద కనిపించకపోయినా సరే. నిన్ను నమ్మి అప్పుల సంగతి చెప్పిన ఆడవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అలా ఊరంతా తిరగకూడదు. ఆ కాలమ్స్ ముందే తీసేసి, తర్వాత బొమ్మ చెయ్యి. పంపే ముందు ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, నీకు గుర్తున్న ఒక ఫోన్ నంబరు కొట్టి వెతుకు. దొరికితే పంపకు.