క్లినిక్‌లకు ఏఐ చాట్‌బాట్ చేసిస్తున్నాం, సంతకం పెట్టేముందు అగ్రిమెంట్‌లో ఏం చూసుకోవాలి?

మీది హైదరాబాద్‌లో చిన్న సంస్థ, బయటి కంపెనీ ఏఐ మోడల్‌ని ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లను కలిపే దారి) ద్వారా వాడి క్లినిక్‌లకు తెలుగు చాట్‌బాట్ చేసిస్తున్నారని రాశారు. ఇలాంటి అగ్రిమెంట్లు చదవడమే నా పని. అసలు చిక్కు ఎక్కడంటే, మీకు రెండు అగ్రిమెంట్లు ఉంటాయి. మోడల్ కంపెనీది మీరు మార్చలేరు. క్లినిక్‌ది మార్చవచ్చు. మొదటిదాంట్లో మీకు దక్కని హామీని రెండోదాంట్లో మీరిచ్చారంటే, ఆ తేడా మీ నెత్తినే పడుతుంది.

అందుకని రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఏపీఐకి పంపినవి 30 రోజులు ఉంచుకుంటామని మోడల్ కంపెనీ రాసుకుందనుకోండి. క్లినిక్‌కి మీరు "7 రోజుల్లో చెరిపేస్తాం" అని రాసిస్తే ఎనిమిదో రోజునే మాట తప్పుతారు. డబ్బు సంగతీ అంతే. మోడల్ కంపెనీకి నెలకు 40,000 రూపాయల బిల్లు కడుతుంటే, గత 12 నెలల ఫీజుకు మించి బాధ్యత లేదనే క్లాజు కింద మీకు వచ్చేది మహా అయితే 4,80,000. క్లినిక్ 2 కోట్లకు ఇండెమ్నిటీ (నష్టం వస్తే భరిస్తామనే హామీ) అడిగితే మిగతాదంతా మీ జేబులోంచే. ఎంత పెద్ద ఆర్డరైనా సరే, పరిమితి లేని ఇండెమ్నిటీ ఇవ్వకండి.

2023 నాటి డీపీడీపీ (డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ) చట్టం ముందు జవాబుదారీ క్లినిక్‌ది. మీరు దాని తరఫున డేటా ప్రాసెస్ చేసేవాళ్లు మాత్రమే. ఈ హోదా చేజారనివ్వకండి. రోగుల సంభాషణలతో సొంత మోడల్‌కి ట్రైనింగ్ ఇచ్చిన రోజున, డేటా ఎందుకు వాడాలో నిర్ణయించింది మీరే అవుతారు. చట్టం నేరుగా మిమ్మల్నే అడుగుతుంది. భద్రతా ఏర్పాట్లు లోపిస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. "సేవను మెరుగుపరచడానికి డేటా వాడుకోవచ్చు" అనే వాక్యం టెంప్లేట్లలో కనిపిస్తుంటుంది, కొట్టేయండి. పేర్లు తీసేశాం కదా అంటే చాలదు. ఊరు, వయసు, జబ్బు కలిస్తే ఆ మనిషెవరో ఊళ్లోవాళ్లకు తెలిసిపోతుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఇంకా టైముందిలే అనుకోకండి, ఇప్పుడు రాసుకునే రెండేళ్ల అగ్రిమెంటు ఆ గడువు దాటిపోతుంది.

"డేటా మొత్తం వెంటనే చెరిపేయాలి" అని క్లినిక్ రాస్తే ఒప్పుకోకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు (సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచాలి. సంభాషణలకో గడువు, లాగ్‌లకో గడువు విడిగా రాయించండి. అయితే ఎర్రర్ లాగ్‌ల్లోకి రోగుల ఫోన్ నంబర్లు జారిపోతుంటాయి, ముందు అది పరీక్షించుకోవాలి. అవే ఆదేశాల్లో సైబర్ ఘటనను తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని ఉంది. మీరు క్లినిక్‌కి 48 గంటల్లో చెబుతామని రాసుకుంటే ఆ లెక్క కుదరదు; 2 గంటలు అని పెట్టి, రాత్రిపూట ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి.

ఇక తప్పుడు జవాబులు. ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు చాట్‌బాటే బాధ్యత వహించాలన్నట్టుగా సంస్థ వాదించినా, 2024లో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఒప్పుకోక ప్రయాణికుడికి డబ్బు ఇప్పించింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు గానీ, "ఏఐ పొరబడవచ్చు" అని కింద చిన్న అక్షరాల్లో రాస్తే గట్టెక్కుతామనుకోవడం ప్రమాదం. ఫీజులు, డాక్టర్ టైమింగులు మోడల్ చేత చెప్పించకండి. క్లినిక్ ఇచ్చిన పట్టికలోంచి నేరుగా చూపించండి. పట్టిక తప్పైతే బాధ్యత క్లినిక్‌దని అగ్రిమెంట్‌లో ఉండాలి. మందుల మోతాదు అడిగితే జవాబివ్వకుండా మనిషికి కలపాలి.

మోడల్ కంపెనీ షరతులు వెబ్‌సైట్‌లో మారిపోతుంటాయి. సంతకం రోజున ఉన్నవాటిని తేదీతో పీడీఎఫ్‌గా దాచుకోండి. అవి మారితే క్లినిక్‌కి 15 రోజుల ముందు చెప్పి, మీ హామీలూ తదనుగుణంగా మార్చుకునే హక్కు రాయించుకోండి.