ఏటీవీకి పెద్ద టైర్లు వేస్తే, ట్రాలీతో వాలు దిగేటప్పుడు బ్రేకులు సరిపోతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఏటీవీకి (పొలాల్లో, రాళ్ల దారుల్లో తిరిగే నాలుగు చక్రాల హ్యాండిల్ బండికి) కంపెనీ ఇచ్చిన 25 అంగుళాల టైర్లు, 12 అంగుళాల రిమ్ములు తీసేసి 27 అంగుళాల బురద టైర్లు, 14 అంగుళాల రిమ్ములు వేయించాలని ఉంది, ట్రాలీ కట్టి బరువులు వాలులో దించే పని రోజూ ఉంటుంది, బ్రేకులకి కూడా ఏమైనా చేయించాలా అని. నేను సరిగ్గా ఇదే చేశాను. ఏడాది తిరక్కుండానే మళ్లీ 25కి వచ్చాను. మీ పని బరువులు దించడమే అయితే వద్దనే చెప్తాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నాది 500 సీసీ బండి, బరువు 320 కిలోల దాకా ఉంటుంది, నేనో 75. ట్రాలీ, దానిమీద నీళ్ల ట్యాంకు కలిపి ఖాళీగా 100 కిలోలు. 27 టైర్లు వేయించాక ట్రాలీతో వాలు దిగిన ఒక రోజు, 300 లీటర్ల ట్యాంకులో 200 లీటర్ల నీళ్లున్నాయి, అంటే ఇంకో 200 కిలోలు. రోజూ 400 కిలోల లోపు ఆపే బ్రేకుల మీద ఒక్కసారిగా 700 పడింది. పైగా కొత్త టైర్ల సరదాలో హై గేరులోనే దిగడం మొదలుపెట్టాను. మొదటి మలుపు దాకా ఏం కాలేదు. రెండో మలుపు ముందు చేతి బ్రేకు లివర్ (ముందు చక్రాలది) నొక్కితే స్పాంజీ నొక్కినట్టు మెత్తగా దిగిపోయి హ్యాండిల్‌కి తగిలింది. అదే క్షణంలో ట్యాంకులో నీళ్లు ముందుకి దొర్లి గోడకి కొట్టుకున్న చప్పుడు, ఆ వెంటనే వెనకనుంచి ఎవరో భుజం పెట్టి తోసినట్టు ఒక తోపు. కాలి బ్రేకు వేరే లైను కాబట్టి అది పట్టింది, కానీ గట్టిగా తొక్కేసరికి వెనక చక్రాలు బిగుసుకుపోయి, ట్రాలీ పక్కకి తిరగబోయింది. కాలు వదిలి, హ్యాండిల్ తిన్నగా పెట్టి, బండిని లోపలి గట్టుకి ఆనించి ఎలాగో ఆపాను. ముందు చక్రాల దగ్గర ప్యాడ్లు కాలిన వాసన. అరగంట కూర్చున్నాక లివర్ నొక్కి చూస్తే మళ్లీ మామూలుగా గట్టిగా ఉంది!

అలా చల్లారాక గట్టిపడిందంటే లోపం బ్రేకు ఆయిల్లో ఉన్నట్టే. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 (డాట్ అనేది బ్రేకు ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 155 అయినా నిలవాలని ప్రమాణం. నాది తీసి చూస్తే డికాషన్ రంగులో ఉంది. అది మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి, మీరు ఎంత నొక్కినా ఆ బుడగలే నలుగుతాయి తప్ప ప్యాడు కదలదు. రెండేళ్లకోసారి మార్చమని చాలా మాన్యువళ్లలో ఉంటుంది, బరువులు లాగేవాళ్లు అంతదాకా కూడా ఆగొద్దు. మీ బండి మూత మీద ఏ డాట్ అని రాసుందో అదే పోయండి. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, దాన్ని డాట్ 3, 4లతో కలపకూడదు.

ఇక టైర్ల సంగతి. 25 నుంచి 27 అంటే 8 శాతం ఎత్తు పెరిగింది. డిస్కు అదే, ప్యాడ్లని దానికి నొక్కే క్యాలిపర్ అదే, కానీ నేల మీద దొరికే ఆపే బలం 7 శాతం దాకా తగ్గిపోతుంది. దానికితోడు బురద టైరు బరువు, అది ఊరికే మోసే బరువు కాదు, తిరిగే బరువు, దాన్ని కూడా బ్రేకే ఆపాలి. అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ పట్టు (యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండిని ఆపి పట్టే బలం) కూడా ఆ మేరకు సడలుతుంది. మీటరు 30 చూపిస్తుంటే నిజానికి 32 పైన పోతుంటారు. ఒక్కొక్కటి చూస్తే చిన్న విషయమే, అన్నీ ఒకే మలుపులో కలిస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

చాలామంది 14 రిమ్ము వేస్తే బ్రేకు బాగా పడుతుందనుకుంటారు. లోపల డిస్కు మారనప్పుడు ఎలా పడుతుంది? లెక్క చూడండి: 25 టైరు, 12 రిమ్ము అయితే టైరు పక్క గోడ 6.5 అంగుళాలు. 27 టైరు, 14 రిమ్ము అయినా అదే 6.5. అంటే నేలకీ బండికీ మధ్య ఒక అంగుళం ఎత్తు వచ్చింది, అది టైరు వల్ల వచ్చిందే, రిమ్ముకి పెట్టిన డబ్బు మాత్రం చూపులకే. 25 టైరు ఉంచి 14 రిమ్ము వేస్తే ఇంకా నష్టం, గోడ 5.5కి తగ్గి ప్రతి రాయీ నడుముకి తెలుస్తుంది.

నేను ఇప్పుడు వాడుతున్నది ముందు 25 × 8 - 12, వెనక 25 × 10 - 12 (వరసగా ఎత్తు, వెడల్పు, రిమ్ము, అంగుళాల్లో), అన్ని నేలలకీ పనికొచ్చే రకం, రేడియల్, 6 ప్లై రేటింగ్. 6 ప్లై అంటే లోపల నిజంగా ఆరు పొరలు ఉంటాయని కాదు, అంత బలం అని. రాళ్ల దారిలో బరువుతో పోతే గోడ చీలకుండా కాపాడేది అదే. బురద టైర్ల పొడుగు గుబ్బలు గట్టి నేల మీద బరువు పడితే అటూ ఇటూ వంగుతాయి, బండి తేలుతున్నట్టుంటుంది, ఆగడానికి దూరం కూడా ఎక్కువ పడుతుంది. మీ దారి నిజంగా మోకాలి లోతు బురదా, పైగా చదునైన నేలా అయితే వేయండి, ఆక్షేపణ లేదు. వాలులో మాత్రం 26 దాటొద్దు. ముందు వెనక ఎత్తుల లెక్క కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు గేర్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

రిమ్ములు కొనేటట్టయితే బోల్టుల దూరం కొలవండి. నాలుగు బోల్టులే కాబట్టి ఎదురెదురు బోల్టుల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే సరి. చాలా హోండా ఏటీవీల్లో 110 మిల్లీమీటర్లు, చాలా పొలారిస్ బండ్లలో 156, కెన్-యామ్‌లో ఎక్కువగా 137. రిమ్ము బయటికి మరీ పొడుచుకొస్తే బేరింగుల మీద, స్టీరింగు మీద భారం. అల్యూమినియం రిమ్ములకి పాత నట్లు కూర్చోకపోవచ్చు, రిమ్ముతో పాటు దానికి సరిపోయే నట్లే తీసుకోండి. మొదటి రోజు తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి బిగించండి, నాకు రెండు నట్లు వదులయ్యాయి.

గాలి గురించి ఒక మాట. కారు గేజి దీనికి పనికిరాదు. చాలా ఏటీవీల్లో కొట్టాల్సింది 5 నుంచి 7 పీఎస్‌ఐ, ఒక్క పాయింటు తప్పితే ఐదో వంతు దాకా తప్పినట్టే. తక్కువ ఒత్తిడి కొలిచే గేజి విడిగా దొరుకుతుంది. బరువు వేసినప్పుడు వెనక ఎంత పెంచాలో బండి మీద స్టిక్కర్లో ఉంటుంది.

దిగడం విషయానికొస్తే, పైనే పూర్తిగా ఆపి లో గేరులో వేయండి, సగం దారిలో వేద్దాంలే అనుకోకండి. ఇంజిన్ బలం బెల్టు ద్వారా చక్రాలకి అందే బండ్లలో ఇంజిన్ తిరగడం ఒక స్థాయికి పడిపోతే ఇంజిన్ వైపు క్లచ్ బెల్టుని వదిలేస్తుంది, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారిపోతుంది. హైలో మెల్లగా దిగితే జరిగేది ఇదే, ఆ రోజు నాకు జరిగిందీ ఇదే. లోలో అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది కాబట్టి పట్టు వదలదు. ఫోర్ వీల్ కూడా వేయండి, అయితే కొన్ని బండ్లలో దిగేటప్పుడు ముందు చక్రాలకి ఇంజిన్ పట్టు అందదు, మాన్యువల్ చూసుకోండి. బ్రేకు పట్టుకునే కూర్చోకుండా, నొక్కి వేగం తగ్గించి వదలండి, మళ్లీ నొక్కండి. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు, అందుకే మొదటి నుంచీ నడక వేగమే మేలు.

ట్రాలీ మొత్తం బరువులో పదో వంతు దాకా కొక్కెం మీద పడేలా సర్దండి. 300 కిలోలకి 30. మరీ వెనక్కి సర్దితే ట్రాలీ ఊగుతుంది, మరీ ముందుకి సర్దితే హ్యాండిల్ తేలిపోతుంది. కొక్కెం మీది ఆ బరువుని వెనక ర్యాకు పరిమితిలో కలిపి లెక్కేయండి, ఇది ఎవరూ చూడరు. నీళ్లయితే ట్యాంకు నిండుగా ఉండాలి లేదా లోపల అడ్డ గోడలుండాలి, సగం ట్యాంకుతో వాలులోకి పోవద్దు. లాగే పరిమితికి దగ్గరగా రోజూ మోస్తుంటే ట్రాలీకే బ్రేకు ఉన్నది తీసుకోండి. ప్యాడ్లు సింటర్డ్ రకం (లోహపు పొడి అదిమి కాల్చి చేసినవి) వేయించండి, మామూలువి బురదలో తొందరగా అరిగిపోతాయి. వాగు దాటాక కాస్త దూరం బ్రేకు తేలిగ్గా పట్టి నడిపితే డిస్కు ఆరుతుంది.

రిమ్ములకి ఇంకా డబ్బు కట్టకపోతే, ముందు బ్రేకు ఆయిల్ మార్పించి, ఉన్న టైర్లతోనే మామూలు బరువు వేసుకుని లోలో ఒకసారి దిగి చూసి ఇక్కడ రాయండి. కట్టేసి ఉంటే కనీసం పాత సెట్టు అమ్మకండి. నేను అమ్మేసి, మళ్లీ కొత్తవి కొన్నాను.